జబ్బు లేని గుండెలో అడ్డంకి

1906లో జర్మనీలోని మార్బర్గ్‌లో, ఆషాఫ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న జపాన్ వైద్యుడు సునావో తవారా, గుండెలో విద్యుత్ ప్రేరణ నడిచే దారిని మొదలంటా గుర్తించి గ్రంథంగా ప్రచురించాడు. కర్ణికల వైపు నుంచి దిగే కాండం, అది చీలి కుడి జఠరికకు ఒక కొమ్మ, ఎడమ జఠరికకు మరొకటి: ఆయన దాన్ని చెట్టుతో పోల్చాడు. అంతకు కొన్నేళ్ళ ముందే ఐంథోవెన్ గుండె విద్యుత్తును కాగితం మీది గీతగా మార్చే పరికరాన్ని తయారుచేశాడు. ఈ రెండూ కలిశాక వైద్యానికి ఒక కొత్త చిక్కు వచ్చింది. మనిషికి ఏ బాధా లేదు, కాని గీత మాత్రం ఒక కొమ్మ పనిచేయడం లేదంటోంది.

వియన్నాలో ఎపింగర్, రోత్‌బెర్గర్ కుక్కల గుండెల్లో ఒక్కొక్క కొమ్మనే తెంచి గీతలు తీశారు. ఆ ఆకారాలను వైద్యులు నేరుగా మనిషికి అన్వయించారు. కుక్క ఛాతీలో గుండె అమరిక వేరు కావడంతో, సుమారు ఇరవయ్యేళ్ళపాటు కుడిని ఎడమ అనీ, ఎడమను కుడి అనీ చదివారు. 1930ల ఆరంభంలో మిషిగన్‌లో ఫ్రాంక్ విల్సన్ బృందం ఈ పొరపాటును సరిదిద్దింది. అంతకుముందు ‘కుడి కొమ్మ అడ్డంకి’ గురించి రాసినదాన్ని ఈనాటి పాఠకుడు తిరగేసి చదువుకోవలసిందే.

అంతకన్నా పెద్ద పొరపాటు లెక్కలోనే ఉంది. ఆ రోజుల్లో ఈసీజీ తీసింది ఆసుపత్రికి వచ్చిన రోగులకు. గుండె జబ్బుతో వచ్చినవారిలో అడ్డంకి కనిపించింది, వారిలో చాలామంది త్వరగా పోయారు. దాంతో అడ్డంకే మృత్యుసూచన అన్న పేరు స్థిరపడింది. ఏ బాధా లేనివారి గీత తీయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఆ అవసరం విమాన దళానికి వచ్చింది. పైలట్‌గా పంపేముందు ప్రతివాడి గుండెనూ పరీక్షించాలి. గీత తేడాగా ఉంటే అతని ఉద్యోగం ఏమవుతుందో తేల్చాలి. 1975లో రాట్‌మన్, ట్రీబ్‌వాసర్ అమెరికా విమాన దళానికి చెందిన సుమారు 2,37,000 మంది నుంచి కుడి కొమ్మ అడ్డంకి ఉన్న 394 మందినీ, ఎడమది ఉన్న 125 మందినీ ఎంచి, వారు తర్వాత ఎలా ఉన్నారో పరిశీలించారు. అత్యధికులు క్షేమంగానే ఉన్నారు.

నాలుగేళ్ళకే ఫ్రామింగ్‌హామ్ పట్టణం నుంచి వేరే సమాధానం వచ్చింది. 1948 నుంచి 5,209 మందిని గమనిస్తున్న ఆ అధ్యయనంలో, ఎడమ కొమ్మ అడ్డంకి కొత్తగా ఏర్పడినవారిలో సగం మంది పదేళ్ళలోపే గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించారు. వారికి అది మొదలైన వయసు సగటున 62. అదే గీత పాతికేళ్ళ సైనికుడిలో ఒకటి చెబుతోంది, వయసు మళ్ళి రక్తపోటు ఉన్నవాడిలో మరొకటి.

స్వీడన్‌లో 1913లో పుట్టిన 855 మంది పురుషులను యాభయ్యో ఏట నుంచి పరిశీలించినప్పుడు, అడ్డంకి ఉన్నవారు 50 ఏళ్ళకు ఒక శాతం, 80 ఏళ్ళకు 17 శాతం. మరణాలు మాత్రం వారిలో ఎక్కువగా లేవు. దారి కూడా ముసలిదవుతుందన్నమాట. అయితే 2013లో కోపెన్‌హాగెన్ పరిశోధకులు 18,000 మందికి పైగా చూసి, నిరపాయమనుకున్న కుడి కొమ్మ అడ్డంకి ఉన్నవారిలోనూ మరణాలు కొంత ఎక్కువేనని తేల్చారు.

అమెరికా హృద్రోగ సంఘాల 2018 మార్గదర్శకాలలో ఈ వాదోపవాదాల జాడ కనిపిస్తుంది. ఎడమ కొమ్మ అడ్డంకి కొత్తగా బయటపడితే, బాధ లేకపోయినా, ఎకో తీయించి గుండె కండరాన్ని చూడమంటాయి. ఒక్క కొమ్మ అడ్డంకి తప్ప మరే బాధా లేనివారికి మాత్రం పేస్‌మేకర్ పెట్టవద్దంటాయి.