వికీ పుటలు – పాఠకులు చేర్చిన కీలకపదములు

గ్రంథమునకు పేరు పెట్టువాడొకడు, ఆ గ్రంథమును వెదకువాడు మఱియొకడు. వీరిద్దరి నోట ఒకే మాట రావలెనను నియమమేదియు లేదు. 1987లో ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యూమే అను నలుగురు పరిశోధకులు ఈ సంగతిని లెక్కలతో నిరూపించిరి. ఒక వస్తువునకు ఇద్దరు మనుష్యులు తమంత తాముగ ఒకే పేరు నెన్నుకొను అవకాశము నూటికి 20 కంటె తక్కువయని వారు కనుగొనిరి. ఎంత చక్కగ ఆలోచించి ఒక్క పేరు పెట్టినను వెదకువారిలో అధికసంఖ్యాకులు విఫలులగుదురు. కావున జనులు వాడు పేర్లన్నిటిని వస్తువునకు చేర్చుటయే మార్గమని వారు సూచించిరి. వికీ పుటలకు పాఠకులే కీలకపదములు చేర్చు పద్ధతి చరిత్రను పరిశీలించుటకు ఇది తగిన గీటురాయి.

పుస్తకాలయమున ఈ పని నిపుణునిది. 1931లో మదరాసునందు ప్రకటితమైన రంగనాథన్ గారి పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడుమనునది. వర్గసంఖ్యనుండి విషయశీర్షికలను గొలుసుగ రాబట్టు ఆయన విధానమును ఆ సూత్రమునకు అనుగుణమైనదే. అయినను శీర్షికను నిర్ణయించు అధికారము పుస్తకాలయాధికారి చేతిలోనే నిలిచినది.

1995 మార్చి 25న అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ స్థాపించిన వికీవికీవెబ్‌లో ఈ అధికారము మొదటిసారిగ చేతులు మారినది. అందు నాడు ఏ పాఠకుడైనను ఏ పుటనైనను దిద్దగలిగెడివాడు. రెండు మూడు ఆంగ్లపదములను కలిపి, ప్రతిపదాదిని పెద్దయక్షరముతో వ్రాసినచో అది తనంతట తానే ఆ పేరుగల పుటకు లంకె యయ్యెడిది. పుట శీర్షికను నొక్కినచో ఆ పేరు ఎచ్చటెచ్చట ప్రస్తావింపబడినదో ఆ పుటలన్నియు పట్టికగ వచ్చెడివి. ఈ రెండు సౌకర్యములను గమనించిన పాఠకులు ఒక యుపాయము పన్నిరి. పుస్తకమును గూర్చిన ప్రతి పుట యడుగున 'కేటగరీబుక్' అని వ్రాయసాగిరి. ఆ పేరుగల పుటకు పోయి శీర్షికను నొక్కినంతనే పుస్తకములను గూర్చిన పుటలన్నియు కానవచ్చెడివి. వర్గములకై యంత్రమునందు ప్రత్యేకమైన ఏర్పాటేదియు లేదు. కేవలము వాడుకవలన ఒక మర్యాద ఏర్పడినది. దీనియందు లోపమును కలదు. ఆ మాటను ఊరక ప్రస్తావించిన పుటయు పట్టికలోనికి వచ్చును. ఏకవచనముతో ఒకరు, బహువచనముతో మఱియొకరు వ్రాసినచో ఒకే వర్గము రెండుగ చీలును.

2001 జనవరిలో వికీపీడియా ఆరంభమైనది. దాని మీడియావికీ యంత్రమునకు 2004లో వర్గములను ఏర్పఱచు సౌకర్యము చేరినది. అంతకు స్వల్పకాలము పూర్వము 2003లో డెలిషియస్, 2004లో ఫ్లికర్ వెలసినవి. అందు ఎవరికి తోచిన మాటను వారు లంకెలకును ఛాయాచిత్రములకును తగిలించుకొనిరి. ఈ ధోరణికి టామస్ వాండర్ వాల్ 2004లో 'ఫోక్సానమీ' అను పేరు కల్పించెను. జనవర్గీకరణమని మనము చెప్పుకొనవచ్చును. డెలిషియస్ పదములను పరిశీలించిన గోల్డర్, హూబర్‌మన్ అనువారు, వస్తువిషయమును తెలుపు మాటలతోపాటు 'చదువవలసినది' వంటి స్వంత జ్ఞాపికలును అందు కలవని గుర్తించిరి. అట్టి మాట వ్రాసినవానికి ఉపకరించును గాని పరునికి నిరర్థకము. వికీయందు అట్లు గాదు. ఒకరు చేర్చిన వర్గమును వేఱొకరు తొలగింపవచ్చును. కావున ప్రతి మాటయు చర్చకు నిలువవలసినదే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. అందు పుటలను చేరుటకు మూడు సాధనములు కలవు: వర్గము, దారిమార్పు, అయోమయనివృత్తి. ఈ మూడింటిని చూచినప్పుడు సాహిత్యవిద్యార్థికి అమరకోశము స్ఫురింపక మానదు. స్వర్గవర్గము, వనౌషధివర్గము మున్నగు విభాగములు సజాతీయములను ఒకచో చేర్చును. వర్గములోపలి పర్యాయపదములు అనేకనామములను ఒక్క యర్థమునకు నడిపించును. దారిమార్పు చేయునది ఇదియే. తృతీయకాండములోని నానార్థవర్గము ఒకే మాటకుగల పలుయర్థములను విడదీయును. అయోమయనివృత్తి పుట పనియు అంతియే. వికీని నిర్మించినవారు అమరసింహుని అనుసరించిరని నా భావము గాదు. వెదకుటలోని చిక్కు ఒకటే గనుక పరిష్కారములును ఒకేతీరుగ వచ్చినవి.

వికీలో వర్గములపై జరిగినంత శ్రమ దారిమార్పులపై జరుగవలసియున్నదని నా యభిప్రాయము. వర్గము ఒక పుటను చేరిన తరువాత ఇతర పుటలను చూపును. మొదటి పుటను చేర్చునది పర్యాయనామమే. తెలుగున ఈ యవసరము మిక్కుటము. నన్నయ, నన్నయ్య, నన్నయభట్టు, విజయవాడ, బెజవాడ, రాజమండ్రి, రాజమహేంద్రవరము – వీనిలో దేనితోనైనను పాఠకుడు రావచ్చును. పొల్లుతో ముగియు మాట చివర కంటికి కనబడని విభాజకచిహ్నము చేరియున్నచో, అక్షరసంకేతములను మాత్రమే పోల్చు యంత్రమునకు అది వేఱుమాటయగును.

ప్రాంతభేదములు ఇంతకంటె చిక్కైనవి. వేరుశనగను తెలంగాణమున పల్లి యందురు. రాయలసీమలో శెనక్కాయ, బుడ్డలు అనియు వ్యవహారము కలదు. వీనిని ఒక్క పుటకు మళ్లించుటలో సందేహము లేదు. ఆనపకాయ విషయము అట్టిది గాదు. దానిని సొరకాయ పుటకు మళ్లింపవచ్చును. కాని చిత్తూరు ప్రాంతమున అనపకాయ చిక్కుడుజాతికి చెందినది. ఇచట హ్రస్వదీర్ఘములే అర్థమును నిర్ణయించుచున్నవి. త్వరపడి ఏదో ఒక పుటకు మళ్లించినచో ఒక ప్రాంతమువారి మాట చెల్లనిదగును. ఇట్టిచోట అయోమయనివృత్తియే శరణ్యము.

ఇట్టి నామములు చాలవఱకు సేకరింపబడియే యున్నవి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయపదముల సంపుటము, 1962లో వెలువడినది. పరిశోధక విద్యార్థి యొకడు దానిని ముందుంచుకొని, ఒక్కొక్క పనిముట్టునకును పంటకును వికీలో పుట గలదా, ఏయే ప్రాంతనామముతో వచ్చినచో అది దొరకుచున్నది, ఏ పేరుతో దొరకుట లేదు అని పరీక్షించి, లోపించిన దారిమార్పులను తానే చేర్చవచ్చును.