ప్రతివాదుల మధ్య పేచీ

పరువు నష్టం దావాలో ప్రతివాది ఒక్కడే ఉండటం అరుదు. వార్త రాసిన విలేకరి, దిద్దిన ఎడిటర్, పత్రిక యజమాని, అచ్చు వేసినవాడు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. మన దేశంలో ఆ వరుసను, 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్ చట్టం, దాని సవరణలు ముందే సిద్ధం చేసి పెట్టాయి. ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్ పేర్లు ప్రతి సంచికలో వేయాల్సిందేనని ఆ చట్టం చెప్పింది. దినపత్రికలో ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ఆ పేర్లను పాఠకులు పట్టించుకోరు. దావా వేయబోయే ప్లీడరు మాత్రం మొదట వెతికేది వాటినే.

వాదికి వాళ్లంతా ఒక్కటే. మొత్తం డిక్రీ సొమ్ము ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చు. మరి కట్టినవాడు పక్కవాణ్ణి వాటా అడగొచ్చా? ఇంగ్లండులో 1799లో న్యాయమూర్తి లార్డ్ కెన్యన్ అడగకూడదన్నాడు. అది పత్రికల తగాదా కాదు, మిల్లు తగాదా. ఇద్దరి మీద దావా గెలిచిన స్టార్కీ 840 పౌండ్లూ ఒక్క మెర్రీవెదర్ దగ్గరే వసూలు చేశాడు. సగం ఇమ్మని మెర్రీవెదర్ తన సహ ప్రతివాది నిక్సన్ మీద దావా వేస్తే కోర్టు తోసిపుచ్చింది. కలిసి తప్పు చేసినవాళ్ల లెక్కలు తేల్చడం కోర్టు పని కాదన్నది దాని సారం. తీర్పు నివేదిక కొద్ది పంక్తులే. దాని బరువు మాత్రం 136 ఏళ్లు నిలిచింది.

ఆ నియమానికి 1827లో ఒక సందు దొరికింది. జార్విస్ చెబితే అతనివే అనుకుని పశువులను అమ్మిపెట్టిన వేలందారు అసలు యజమానికి నష్టం కట్టాల్సి వచ్చింది. తెలియక చేసినవాడు కనుక, చేయించినవాడి దగ్గర ఆ సొమ్ము రాబట్టుకోవచ్చన్నారు. పత్రికలవాళ్లకు ఈ సందు పెద్దగా పనికిరాలేదు. 1834లో పత్రిక యజమాని కోల్‌బర్న్, పరువు నష్టం రాత వల్ల తనకు పడిన శిక్ష ఖర్చును ఎడిటర్ ప్యాట్‌మోర్ దగ్గర రాబట్టబోయి నెగ్గలేకపోయాడు. 1908లోనైతే ముందుగా రాయించుకున్న నష్టపూచీ ఒప్పందం కూడా చెల్లలేదు. 1935 చట్టంతో వాటా అడిగే హక్కు వచ్చింది. 1952 చట్టం నష్టపూచీ ఒప్పందాలకు తలుపు తెరిచింది గానీ, పరువు తీసే రాత అని తెలిసీ, సరైన సమర్థన ఉందన్న నమ్మకం లేకుండా వేసినవాడికి కాదు.

అమెరికాలో 1938 నాటి ఫెడరల్ నియమాలు, 13(జి) కింద, సహ ప్రతివాది మీద క్రాస్‌క్లెయిమ్ వేయనిచ్చాయి. వివాదం ఒకే సంఘటన నుంచి పుట్టి ఉండాలి, అంతే. ‘నా మీద పడే బాధ్యతలో కొంతో మొత్తమో అతనిదే, లేదా కావచ్చు’ అని రాసినా చాలు. ఈ ‘కావచ్చు’లోనే ముసాయిదా కిటుకంతా ఉంది. నేను తప్పే చేయలేదని జవాబులో రాస్తూ, ‘ఒకవేళ నాపై బాధ్యత ఉందని కోర్టు తేలిస్తే’ అని క్రాస్‌క్లెయిమ్ మొదలుపెట్టాలి. ఆ ‘ఒకవేళ’ జారిందా, పక్కవాడి మీద విసిరిన నింద వాది చేతికి ఆయుధమవుతుంది. ‘అతను రాసింది అబద్ధం’ అని సహ ప్రతివాదే అంటే, నిజమని వాదించుకునే దారి ఇద్దరికీ ఇరుకవుతుంది.

సహ ప్రతివాదిని ఎందుకు చేరుస్తారో సలివన్ కేసు చూపిస్తుంది. 1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన పూర్తి పేజీ ప్రకటన మీద మాంట్‌గోమరీ కమిషనర్ ఎల్. బి. సలివన్ దావా వేశాడు. పత్రికతో పాటు నలుగురు నల్లజాతి పాస్టర్లు అబర్నతీ, షటిల్స్‌వర్త్, లోవరీ, సీ కూడా ప్రతివాదులే. ప్రకటన కింద తమ పేర్లు వేస్తున్నట్టు తమకు తెలియదని వాళ్లు చెప్పారు. వాళ్లు అలబామా వాసులు కావడంతో కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. నా లెక్కలో వాళ్లను చేర్చడంలో అసలు ప్రయోజనం అదే, డబ్బు కాదు. అయినా జ్యూరీ 5 లక్షల డాలర్లు వేసింది, పాస్టర్ల కార్లూ స్థలాలూ జప్తు అయ్యాయి. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ప్రభుత్వాధికారి దావా గెలవాలంటే, అబద్ధమని తెలిసో, నిజానిజాలు లెక్కచేయకనో ప్రచురించారని రుజువు చేయాలంది. దీంతో క్రాస్‌క్లెయిమ్‌కు కొత్త చిక్కొచ్చింది. కావాలని కీడు చేసినవాడికి వాటా అడిగే హక్కు లేదని 1955 నాటి నమూనా చట్టం చెబుతోంది. తెలిసే అబద్ధం వేశాడని తేలినవాడు ఇక ఏ ముఖంతో వాటా అడుగుతాడు?

మన దగ్గర దారి వేరు. 1969లో గాంధీ వర్సెస్ గుజ్దర్‌లో, అదీ పరువు నష్టం దావాయే, కొందరు ప్రతివాదులు క్షమాపణ చెప్పి బయటపడ్డారు. అంతమాత్రాన మిగతావాళ్లు బయటపడరని, వాళ్లూ బయటపడాలంటే వాదికి పూర్తి పరిహారం ముట్టి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 1976 సవరణ తెచ్చిన కౌంటర్ క్లెయిమ్ వాది మీదకే గురి. అచ్చంగా సహ ప్రతివాది మీదే వేస్తే చెల్లదని 2006లో రోహిత్ సింగ్ కేసులో తేల్చారు. మద్రాసు హైకోర్టు సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేర్చిన 8-ఎ ఆర్డరులో మాత్రం వాటా, నష్టపూచీ కోసం సహ ప్రతివాదికి నోటీసు ఇచ్చే ఏర్పాటు ఉంది. అలాంటిది లేనిచోట మన ప్లీడర్లు జవాబు దావాలో ‘బాధ్యత ఏదైనా ఉంటే అది రెండో ప్రతివాదిదే’ అని ఒక పేరా రాసి, వసూలు సంగతి వేరే దావాకు వదిలేస్తారు. ఆ పేరానూ ఆచితూచి రాయాలి. ప్రతివాదుల మధ్య నిజమైన విరోధం ఉండి, వాదికి న్యాయం చేయడానికి దాన్ని తేల్చక తప్పక, కోర్టు తేల్చేస్తే, ఆ తీర్పు వాళ్ల మధ్యా కట్టుబాటే అవుతుందని 1931లోనే ప్రీవీ కౌన్సిల్ మున్నీ బీబీ కేసులో చెప్పింది.