అత్తరు ఒంటికా, బట్టలకా? సుగంధ తైలాలతో చర్మానికి వచ్చే చిక్కులు

విజయవాడ వన్ టౌన్‌లో పంజా సెంటర్, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల అత్తరు కొత్త కాదు. జుమా నమాజుకు, పండుగలకు, పెళ్లిళ్లకు అత్తరు పూసుకోవడం తరాలుగా వస్తున్న అలవాటే. ఇప్పుడు దానికి తోడు టీ ట్రీ, లావెండర్, నిమ్మ తైలాల చిన్న సీసాలు కూడా ఇళ్లలోకి వచ్చాయి. మొటిమలకు ఒకటి, మచ్చలకు ఒకటి అంటూ కొందరు నేరుగా ముఖానికే రాసేస్తున్నారు. ‘మొక్కల నుంచి తీసిందే కదా, ఏం కాదులే’ అన్నది వారి ధీమా. చర్మం దగ్గర ఈ ధీమా పనికిరాదు.

సీసాలో ఏముంటుంది?

సుగంధ తైలం కొబ్బరి నూనె, నువ్వుల నూనె లాంటిది కాదు. పూలు, ఆకులు, బెరడు, తొక్కల నుంచి తీసిన చాలా గాఢమైన రసాయనాల మిశ్రమం. లావెండర్‌లో లినలూల్, నిమ్మ తొక్కలో లిమోనిన్, లవంగంలో యూజినాల్, దాల్చిన చెక్కలో సినమాల్డిహైడ్ ఉంటాయి. వాసన ఇచ్చేవీ ఇవే, కొందరికి అలర్జీ తెచ్చేవీ ఇవే.

కన్నౌజ్ పాత పద్ధతిలో పూల ఆవిరిని గంధపు నూనెలోకి దించి అత్తరు తీస్తారు. గంధం ధర పెరిగాక లిక్విడ్ పారఫిన్ వంటివి, కృత్రిమ సెంట్లు కలపడం మామూలైపోయింది. సీసా మీద పువ్వు పేరు ఉన్నంత మాత్రాన లోపల ఏముందో చెప్పలేం.

నిన్నటిదాకా పడింది, ఇవాళ ఎందుకు పడలేదు?

‘ఏళ్లుగా వాడుతున్నా, ఏం కాలేదు’ అనేవారికీ ఒక్కసారిగా దద్దుర్లు రావచ్చు. ఈ రసాయనాలు చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లతో కలుస్తాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, ఎరుపు, పొక్కులు వస్తాయి. ఈ అలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. సబ్బు, క్రీము, షాంపూలో అదే పదార్థం ఉన్నా మళ్లీ తిరగబెడుతుంది.

పాత సీసాతో ముప్పు ఇంకా ఎక్కువ. గాలి తగిలిన లినలూల్, లిమోనిన్, టీ ట్రీ తైలం ఆక్సీకరణ చెంది అలర్జీ గుణం పెంచుకుంటాయి. బెజవాడ ఎండల్లో కిటికీ పక్కన పెట్టిన సీసా మరీ త్వరగా పాడవుతుంది.

ఎండ, నల్ల మచ్చలు

బెర్గమాట్, పిండి తీసిన నిమ్మ తైలాల్లో ఎండకు స్పందించే పదార్థాలుంటాయి. అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టయి, మెడ మీద నల్లటి చారలు పడతాయి. చామనఛాయ, నలుపు చర్మాల్లో కొన్నిసార్లు దురద పెద్దగా లేకుండానే సెంటు అలర్జీ నల్ల మచ్చలుగా బయటపడుతుంది. అసలు కారణం తెలియక మచ్చల మీద మళ్లీ తైలమో, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీమో రాస్తే సమస్య ముదురుతుంది. తైలం ఆపేసినా మచ్చ తగ్గడానికి నెలలు పట్టవచ్చు.

తీసుకోవాల్సిన జాగ్రత్తలు

- సువాసన కోసమే అయితే అత్తరును ఒంటికి కాకుండా బట్టలకు, లోపలి అంచుల్లో రాసుకోవడం మేలు.
- సుగంధ తైలాన్ని నేరుగా చర్మానికి రాయకూడదు. 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో 2 చుక్కలు కలిపితే దాదాపు 1 శాతం అవుతుంది. ముఖానికి అంతకు మించకూడదు.
- ముందుగా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడాలి.
- గజ్జి, తామర, షేవింగ్ గాట్లు ఉన్నచోట, కళ్ల చుట్టూ అసలు వద్దు.
- పసిపిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం రాయకూడదు. కర్పూరం కడుపులోకి వెళితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.
- సీసా మూత బిగించి, చల్లని చీకటి చోట ఉంచాలి. వాసన మారితే పారేయాలి.

యూరోపియన్ యూనియన్ 2003లోనే 26 సుగంధ పదార్థాల పేర్లు లేబుల్‌పై విడిగా రాయాలని నియమం పెట్టింది. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచింది. మన దగ్గర చాలా లేబుళ్లపై ‘ఫ్రాగ్రెన్స్’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. అందుకే ఒకసారి దద్దుర్లు వచ్చినవారు ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్నవే ఎంచుకోవాలి. ‘అన్‌సెంటెడ్’ అన్నవాటిలో వాసన తెలియకుండా చేసే సెంటు ఉండొచ్చు.

దద్దుర్లు వస్తే వాడకం వెంటనే ఆపి, తేలికపాటి సబ్బుతో కడగాలి. తగ్గకపోతే వాడిన సీసా వెంట తీసుకుని చర్మవ్యాధుల డాక్టరును కలవాలి. ఏది పడటం లేదో ప్యాచ్ టెస్టులో తేలుతుంది. కళ్లు, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.