హెవీ మెటల్ గిటార్ యాంప్లిఫయర్

హెవీ మెటల్‌లో ఎలక్ట్రిక్ గిటార్ సగం వాయిద్యమే. మిగతా సగం యాంప్లిఫయర్. పికప్‌లో పుట్టే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచి స్పీకర్‌కు అందించడమే యాంప్ పని అని తొలి తయారీదారులు అనుకున్నారు. పెంచేటప్పుడు ధ్వని చీలిపోతే అది వాళ్ల లెక్కలో లోపం. వాద్యకారులు ఆ లోపాన్నే కోరి తెచ్చుకున్నారు. దాన్ని అదుపులో పెట్టడానికి అరవై ఏళ్లుగా సాగుతున్న ప్రయత్నమే మెటల్ యాంప్ చరిత్ర.

వాల్వు రేడియోల కాలం నాటి గాజు వాల్వులే ఈ యాంపుల్లోనూ ఉంటాయి. అవి మోయలేనంత పెద్ద సంకేతం వస్తే తరంగాల కొనలు తెగి చదునవుతాయి, మీటిన స్వరానికి కొత్త హార్మోనిక్స్ తోడవుతాయి. దీన్నే డిస్టార్షన్ అంటారు. రెండు స్వరాలు కలిపి మీటితే వాటి కూడికలు, తేడాలు కూడా వినపడతాయి. అందుకే మెటల్‌కు ఆధారమైన ‘పవర్ కార్డ్’లో గాంధారం ఉండదు, షడ్జమ పంచమాలే ఉంటాయి. వాటి కంపనాల నిష్పత్తి దాదాపు 2:3. తేడాగా వచ్చే 1 మంద్ర షడ్జమమే కనుక, ఎవరూ మీటని ఆ కింది ‘సా’ చెవికి తగులుతుంది. గాంధారం చేరిందా, అంతా కలగాపులగమే.

లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపిన జిమ్ మార్షల్ బృందం 1962లో అమెరికన్ ఫెండర్ బేస్‌మన్ సర్క్యూట్ ఆధారంగా జేటీఎం 45 తయారు చేసింది. ఇంకా మోత కావాలని ‘ద హూ’ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ పట్టుబట్టడంతో 1965 నాటికి 100 వాట్ల యాంపులు వచ్చాయి. ఆ మోతను మెటల్‌గా మలిచినవాళ్లు మాత్రం బర్మింగ్‌హామ్ కార్మికవాడల కుర్రాళ్లు. లోహపు రేకుల కర్మాగారంలో ప్రమాదానికి వేలికొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, 1967లో మొదలైన స్థానిక కంపెనీ లేనీ యాంపుతో 1970లో విడుదలైన తన బృందం ‘బ్లాక్ సబ్బాత్’ తొలి ఆల్బమ్‌లో వాయించాడు. యాంప్ ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టాడు. అది సంకేతాన్ని పెంచుతూనే లోపలికి వెళ్లే బేస్‌ను తగ్గిస్తుంది, దాంతో కింది స్వరాలు బురదగా మారవు. ఈ కిటుకు నేటికీ పాతబడలేదు. 1970ల చివర్లో వచ్చిన ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌ను డ్రైవ్ తగ్గించి, లెవెల్ పెంచి యాంప్ ముందు పెట్టేది అందుకే.

అప్పట్లో వాల్యూమ్ పూర్తిగా తిప్పితే తప్ప డిస్టార్షన్ వచ్చేది కాదు. 1975లో మార్షల్ ‘మాస్టర్ వాల్యూమ్’ మోడల్‌తో ఆ ముడి విప్పింది. కాలిఫోర్నియాలో మేసా బూగీ స్థాపకుడు రాండల్ స్మిత్ ముందు దశలో వాల్వులను ఒకదాని వెనక ఒకటి పేర్చి గెయిన్ పెంచాడు. మెటాలికా 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో వినపడేది ఈ కంపెనీ మార్క్ 2సీ ప్లస్సే. 1992లో పీవీ కంపెనీ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ కోసం తెచ్చిన 5150ని అతనికంటే డెత్ మెటల్ వాళ్లే ఎక్కువగా సొంతం చేసుకున్నారు. ఇప్పుడది 6505 పేరుతో దొరుకుతోంది.

వాల్వు లేకపోతే మెటలే కాదనే మాటను మాత్రం చరిత్ర ఒప్పుకోదు. పాంటేరా గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ పేరు తెచ్చుకున్నది రాండల్ కంపెనీ ట్రాన్సిస్టర్ యాంపులతో. విశాఖ ఉక్కులో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ రాజుకున్న 1990లోనే స్టాక్‌హోమ్ బృందం ఎన్‌టూమ్డ్ తొలి ఆల్బమ్ వచ్చింది. దాని రంపపు కోతకు మూలం బాస్ హెచ్‌ఎమ్-2 అనే చిన్న పెడల్.

ఉక్కునగరమైనంత మాత్రాన విశాఖ బర్మింగ్‌హామ్ కాలేదు. తెలుగునాట ఈ సంగీతంలో పేరు మోసిన బృందాలకు హైదరాబాదే ఇల్లు. అక్కడి గాడ్‌లెస్ 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ ఈపీలు, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది.

యాంప్ ఎంచుకునేవారు ముందు వాట్లు చూస్తారు. అసలు చూడాల్సింది స్పీకర్. మెటల్ వాద్యకారుల్లో బాగా చెలామణీలో ఉన్న సెలెస్టియన్ వింటేజ్ 30 ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుంది. వాట్లు పదింతలైతే పెరిగేది 10 డెసిబెల్సే. 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా మూడే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. కాబట్టి విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఒక్క వాట్ వాల్వు యాంప్ అయినా సరే, పూర్తిగా తిప్పితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టాల్సిందే.

గెయిన్ చివరిదాకా తిప్పి, మిడ్ (మధ్య శ్రుతుల నాబ్) సున్నాకు దించడం కొత్తవాళ్లకు మహా సరదా. గదిలో ఒంటరిగా వాయిస్తే అది గంభీరంగానే ఉంటుంది. డ్రమ్స్, బేస్ గిటార్ చేరగానే గిటార్ కనుమరుగవుతుంది, ఎందుకంటే దాని ఉనికి ఉన్నది మిడ్‌లోనే. రికార్డుల్లో వినే బరువులో బేస్ గిటార్ వాటా చాలా ఎక్కువ.

ఇళ్లలో వాయించుకునేవారికి దారి చూపింది డిజిటల్. యాంపుల ధ్వనిని అనుకరించే పరికరాలుగా 1998లో లైన్ 6 పాడ్, 2011లో జర్మనీ నుంచి కెంపర్ వచ్చాయి. ఇప్పుడు ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ ఉంటే 5150 నకలు వినొచ్చు. స్పీకర్ నకలు కూడా జోడించడం తప్పనిసరి. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఆ జల్లెడ లేని డిస్టార్షన్ కందిరీగ రొదలా ఉంటుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంప్ విషయంలో మొదట వెనక ప్యానెల్ చూడాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. యాంప్‌లో వోల్టేజ్ మార్చే వీలు లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనక తప్పదు. వాల్వు యాంప్‌ను స్పీకర్ తగిలించకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవ ఉంటాయి కనుక మూత విప్పే పని మెకానిక్‌కే వదిలేయాలి. సముద్రపు ఉప్పుగాలికి జాక్‌లు, వాల్వు సాకెట్లు చిలుము పడతాయి. విశాఖలో చాలా ‘టోన్ సమస్యలు’ కాంటాక్ట్ క్లీనర్‌తోనే తీరే రకం.