అయిదు సెంటీమీటర్ల గీత

కాలేయంలో క్యాన్సర్ ఉంటే కాలేయాన్నే తీసేసి కొత్తది అమర్చితే సరి. కాలేయ మార్పిడి మొదలైన రోజుల్లో డాక్టర్లు వేసుకున్న లెక్క ఇదే. అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లో మనిషికి తొలిసారి కాలేయం మార్చారు. 1967లో ఆయన ఆపరేషన్ చేసిన ఒక పసిపాప ఏడాదికి పైగా బతికింది. ఆ పాపకూ కాలేయ క్యాన్సరే. చివరికి అదే తిరగబెట్టి ప్రాణం తీసింది.

తర్వాతి ఇరవై ఏళ్లూ అలాగే గడిచాయి. ఎక్కువగా కోసి తీయడానికి వీల్లేనంత పెద్ద కణితులున్నవాళ్లకే మార్పిడి చేసేవారు. చాలామందిలో జబ్బు మళ్లీ వచ్చేది. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఇచ్చే మందులు, మిగిలిన క్యాన్సర్ కణాలను అడ్డుకునే రోగనిరోధక శక్తినీ అణిచేస్తాయి కదా! పుట్టెడు దుఃఖంలో ఒక కుటుంబం దానం చేసిన కాలేయం ఇలా దక్కకుండా పోతుంటే, క్యాన్సర్ రోగులకు మార్పిడి తగదన్న మాట బలపడింది.

మరి ఎవరికి మేలు జరుగుతుందో ముందే తెలిసేదెలా? కడుపు కోయకుండా కణితి కొలత చెప్పగలిగింది స్కానింగే. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి ముప్పాతిక వంతు రక్తం పోర్టల్ సిర నుంచి అందుతుంది. క్యాన్సర్ కణితి మాత్రం ధమని రక్తం మీదే బతుకుతుంది. అందుకే కాంట్రాస్ట్ మందు ఎక్కించిన అర నిమిషానికల్లా సీటీ స్కాన్‌లో కణితి తెల్లగా మెరుస్తుంది. కాసేపటికి చుట్టూ ఉన్న కాలేయం తెల్లబడి, కణితి నల్లబడుతుంది. అప్పుడు రేడియాలజిస్టు ఆ చివర నుంచి ఈ చివరకు కొలుస్తారు.

ఈ కొలతనే ఇటలీలోని మిలాన్‌లో విన్సెంజో మజ్జాఫెర్రో బృందం నియమంగా మార్చింది. ఒక్కటే కణితి అయితే అయిదు సెంటీమీటర్లు మించకూడదు. మూడు వరకూ ఉంటే ఏదీ మూడు సెంటీమీటర్లు దాటకూడదు. రక్తనాళాల్లోకి గానీ, కాలేయం బయటికి గానీ పాకి ఉండకూడదు. అలా ఎంచుకున్న 48 మందికి మార్పిడి చేశారు. 1996లో ఫలితాలు వెలువడ్డాయి: నాలుగేళ్లకు 75 శాతం మంది బతికే ఉంటారని తేలింది.

అంతకంటే పెద్ద పాఠం తీసేసిన కాలేయాల్లో దొరికింది. వాటిని ముక్కలుగా కోసి చూస్తే 13 మందిలో జబ్బు స్కాన్ చెప్పినదాని కంటే ఎక్కువగా ఉంది. నియమానికి నిజంగా లోబడినవాళ్లలో నాలుగేళ్ల మనుగడ 85 శాతం, ఈ 13 మందిలో 50 శాతమే. గీత సరైనదే, దాన్ని చూసే చూపు ఇంకా పదునెక్కాలి.

తర్వాతి పరిశోధనంతా అటే సాగింది. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు గీతను కాస్త సడలించారు. 2009లో మజ్జాఫెర్రోయే 1,556 మంది వివరాలు పరిశీలించి, అన్నిటికంటే పెద్ద కణితి సెంటీమీటర్లనూ కణితుల సంఖ్యనూ కలిపిన మొత్తం ఏడు దాటకుండా, సన్నని రక్తనాళాల్లోకి జబ్బు పాకకుండా ఉంటే ఆశ ఉందన్నారు. అయితే సన్నని రక్తనాళాల్లోకి దూరిన క్యాన్సర్ కణాలు సీటీకి కనపడవు. పెట్ స్కాన్‌లో గ్లూకోజును ఎక్కువగా లాక్కునే కణితులు తిరగబెట్టే అవకాశం ఎక్కువని కొరియా, జర్మనీ వైద్యులు గమనించారు. కాలేయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో కూడా లెక్కలోకి తెచ్చారు. ఇప్పుడు కంటికి అందని తేడాలను స్కాన్‌లలో కంప్యూటర్లతో వెతుకుతున్నారు.

ఈ శ్రమకు విలువ కొత్త యంత్రాల వల్ల వచ్చింది కాదు. గీతకు కాస్త అవతల ఉన్నా బతకగలిగే మనిషిని కొలత ఒక్కటే చూసి కాదనడం అన్యాయం. నిలవని చోట కాలేయం అమర్చి, వరుసలో ఉన్న మరొకరి అవకాశం పోగొట్టడమూ అన్యాయమే. అంచనా ఎంత నిక్కచ్చిగా ఉంటే ఈ రెండు తప్పులూ అంత తగ్గుతాయి.