పద్దు నుంచి పలకరింపు దాకా

1875 మే నెలలో పుణె దగ్గరి సూపా గ్రామంలో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద పడ్డారు. బంగారం కోసం కాదు, తాము వేలిముద్రలు వేసిన అప్పుపత్రాల కోసం. దొరికినవాటిని తగలబెట్టారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఎగిసిన పత్తి ధర అప్పటికే కూలింది, శిస్తు మాత్రం పెరిగింది. ఈ గొడవల ఫలితమే 1879 నాటి దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం. అప్పు తీర్చలేని రైతును జైల్లో పెట్టడం దాంతో ఆగింది.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1938లో మరో అడుగు వేసింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై పేరుకుపోయిన వడ్డీని కొట్టేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టి ఉంటే బాకీ తీరినట్టే. ఆంధ్ర జిల్లాల రైతులకూ ఇది వర్తించింది.

ఈ చట్టాలన్నీ పద్దును చూశాయి. రైతు మనసులో ఏముందో అడిగినవారు లేరు.

1997-98లో వరంగల్ పత్తి చేలను లద్దె పురుగు తినేసినప్పుడు ఆ లోటు బయటపడింది. పల్లెల్లో విత్తనాలిచ్చేది, అప్పిచ్చేది, ఏ మందు కొట్టాలో చెప్పేదీ చాలాచోట్ల ఒకే దుకాణదారు. మందు పనిచేయకపోయినా బాకీ మాత్రం మిగిలింది. ఆ ఏడాది రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి.

ప్రభుత్వ స్పందన ముందుగా పరిహారం రూపంలో వచ్చింది. 2004 నాటి జీవో 421 ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. అయితే తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి కలిసి విచారించి, ఇది అప్పుల వల్ల జరిగిన చావేనని తేల్చాలి. నోటిమాటతో కౌలు చేసేవారి దగ్గర చూపించడానికి కాగితమే ఉండదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2018లో తెలంగాణ రైతుబీమా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇస్తామంది, విచారణ బెడద తప్పించింది. కానీ అది పట్టాదారులకే.

ఇవన్నీ చావు తర్వాతి సాయాలు, లేదా డబ్బు సాయాలు. బతికున్న రైతు మాట వినే ప్రయత్నం ఆలస్యంగా మొదలైంది. 2017లో వికారాబాద్ జిల్లాలో కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ వచ్చింది. ఫోన్ ఎత్తినవారు ధైర్యం చెప్పి వదిలేయరు. పాస్‌బుక్కు చిక్కో, బ్యాంకు రుణమో, పంట నష్టమో తెలుసుకుని సంబంధిత అధికారి దాకా తీసుకెళ్తారు. రైతు ఒత్తిడికి మూలం చాలాసార్లు ఆఫీసుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి సరైనది. ప్రతి జిల్లాలోనూ ఉండాల్సింది ఇదే.

2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కూడా ఉంది. 14416కు ఎప్పుడు చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఊళ్లో అప్పులతో కుంగిపోయిన రైతు ఎవరైనా ఉంటే ముందు మీరు పలకరించండి, ఆ నంబరు కూడా చెప్పండి.