క్షౌరపు కత్తి

క్షౌరపు కత్తి గడ్డము, తల గొరుగుటకు క్షురకులు వాడు మడతకత్తి. వాడుకలో మంగలికత్తి అనియు, ఉర్దూ పలుకుబడి గల చోట్ల ఉస్తరా అనియు అందురు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరులలోను, తెలుగునాట తక్కిన చోట్ల వలెనే, నూరుడు కత్తి స్థానమును బ్లేడు కత్తి ఆక్రమించినది. చూపునకు రెండును ఒకటిగానే ఉండును కాని పట్టు వేరు. ఒకదానికి అలవడిన చేతితో రెండవదానిని అట్లే నడిపినచో చర్మము తెగును.

రకములు

నూరుడు కత్తి ఒకే ఉక్కుపలక. వెన్ను నుండి అంచు వరకు చీల వలె దిట్టముగా ఉండునది ఒక రకము. ఇరుప్రక్కల పుటాకారముగా అరగదీసినది మరియొక రకము. మొదటిదానికి ఇంగ్లండులోని షెఫీల్డు, రెండవదానికి జర్మనీలోని జోలింగెన్ పేరొందినవి. వెడల్పును అంగుళములో ఎనిమిదవ వంతులతో లెక్కింతురు (5/8, 6/8). జపానువారి కమిసోరి మడవబడదు. దాని రెండు ప్రక్కలు సమానముగా ఉండవు.

బ్లేడు కత్తి నిజమునకు పిడి మాత్రమే. రెండంచుల బ్లేడును నిలువునా విరిచి సగమును అందులో బిగింతురు. ఇట్టి పలుచని బ్లేడుకు అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో పేటెంటు పొందెను.

మార్పునకు కారణము

పూర్వము క్షురకుడు అడపము పట్టుకొని ఇంటింటికి వెళ్ళెడివాడు. ప్రతిఫలము పంటకళ్ళములో ఇచ్చు మేర. ఊరందరికి ఒకటే కత్తి. తోలుపట్టీపై తీసినంత మాత్రమున కత్తికి పదును వచ్చును గాని రోగక్రిములు చావవు. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. భారతదేశమున తొలిసారిగా గుర్తింపబడిన తరువాత, రక్తము ద్వారా వ్యాపించు ఈ వ్యాధిపైన, హెపటైటిస్-బి పైన ప్రచారము పెరిగి, మనిషికొక కొత్త బ్లేడు అను నియమము పల్లెల వరకు చేరినది. తిరుమల కల్యాణకట్టలోను భక్తులకు టోకెనుతో పాటు బ్లేడు ఇచ్చుట తెలిసినదే.

చేతివాటములో తేడాలు

నూరుడు కత్తి బరువే సగము పని చేయును. వెన్నును చర్మము నుండి సుమారు 30 డిగ్రీలు ఎత్తి, చర్మమును రెండవ చేతితో బిగలాగి, పొడుగుపాటి వాటున దించవచ్చును. బ్లేడు కత్తి తేలిక, పదును మిక్కుటము. కోణము ఇంకను తగ్గింపవలెను. వాటు అంగుళమునకు మించరాదు. ఒత్తిడి దాదాపు ఉండరాదు. పుటాకారపు కత్తి వెంట్రుకను కోయునపుడు సన్నగా మ్రోగును, ఆ చప్పుడును బట్టి చేయి తన్ను తాను దిద్దుకొనును. బ్లేడు ముక్క అట్లు పలుకదు. పైగా దాని మూలలు చదరముగా ఉండుటచే చెవితమ్మె, గడ్డపు మలుపు, కంఠమణి దగ్గర మొదట గుచ్చుకొనునవి అవే. అక్కడ బ్లేడు నడిమి భాగమునే ఆనింపవలెను.

బ్లేడుకు అలవాటుపడిన యువకుడు నూరుడు కత్తి పట్టినపుడు తప్పు వేరొక రూపమున వచ్చును. మొద్దుగా ఉన్నదని తలచి అదుముతాడు. వెంట్రుక పీకినట్లయినచో ముందు నురుగును, పిదప పదునును చూడవలెను, బలమును కాదు. కఠినజలము గల చోట సబ్బు సరిగా నురగదు. కాచి చల్లార్చిన నీరు కొంత మేలు.

చీల కత్తి నుండి పుటాకారపు కత్తికి మారువారు చేయి తేలిక చేసికొననిచో పలుచని అంచు వంగి చర్మమును పట్టును. ఏ కత్తినైనను అంచు పొడవు వెంబడి ప్రక్కకు జార్చరాదు. లోతైన గాట్లు పడునది ఇందువలననే. మాడు పూడని పసిబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయునపుడు తలను బాగుగా తడిపి, నడినెత్తిపై ఏ మాత్రము అదుమకుండ గొరుగవలెను.

పదును, సంరక్షణ

సానరాతిపై అంచు ముందుగా, తోలుపట్టీపై వెన్ను ముందుగా నడుపవలెను. తిరుగవేయునపుడు కత్తి వెన్నుపైననే దొర్లవలెను. అంచుపై దొర్లినచో పదునుతో పాటు పట్టీ కూడ తెగును. కర్బనపు ఉక్కు త్వరగా తుప్పు పట్టును కావున తుడిచి చుక్క నూనె పూయుదురు. కొయ్యపిడులు (ఉదయగిరి కొయ్య గరిటెలకు పేరొందిన ఊరే) తడికి ఉబ్బును, నానబెట్టరాదు. బ్లేడు కత్తికి ఈ శ్రమ లేదు, కాని బిగింపు వదులైనదేమో ప్రతిసారి చూడవలెను. వాడిన ముక్కలను చెత్తలో పడవేసినచో ఊడ్చువారి చేతులు తెగును. మూతగల రేకుడబ్బాలో వేయుట ఉచితము.